వసతి గృహంలో వై-ఫై: ప్రసార సమయాన్ని అందరికీ పంచడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నర దాటాక నెట్ నడవడం లేదని వసతి గృహంలో పిల్లలు ఫిర్యాదు చేస్తే, యాజమాన్యం నుంచి ముందుగా వచ్చే మాట ‘ప్లాన్ పెంచేద్దామా’ అన్నదే. నెలకు మరికొంత కట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌ను 300కు మారుస్తారు. వారం తిరగకుండానే అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. ఫైబరు తీగ గుమ్మం దాకా ఎంత తెచ్చినా, గోడ మీది పెట్టె నుంచి మంచం మీది ఫోను దాకా ఉన్న ముప్పై, నలభై అడుగుల గాలిలో ఇరుకు అలాగే ఉంటుంది కాబట్టి, కట్టిన డబ్బుకు ఫలితం కనిపించదు.

హనుమకొండలో ఒక మూడంతస్తుల విద్యార్థి వసతి గృహం నెట్‌వర్కును నేను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. యాభై నుంచి నూట యాభై మంది దాకా ఉండే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, చిన్న కళాశాలల్లో ఈ బాధ్యత మోస్తున్నవారికి ఉపయోగపడాలని, కొత్త సామాను కొనకముందే ఉన్నదానితో ఏమేం చేయవచ్చో, ఏది ముందు చేయాలో, ఎందుకు చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, మనం పంచుతున్నది ఏమిటి

మన దేశంలో లైసెన్సు లేకుండా వై-ఫైకి వాడుకోగలిగిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు, అంటే మొత్తం 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. అందులో 13 ఛానెళ్లు, అంటే ప్రసారానికి ఎంచుకోదగ్గ చోట్లు, ఉన్నాయని రౌటరు చూపిస్తుంది గాని, వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో ప్రసారం ఆక్రమించేది సుమారు 20 మెగాహెర్ట్జ్. ఒకదానిమీద ఒకటి పడకుండా నిలిచేవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే. 5 గిగాహెర్ట్జ్ వైపు పరిస్థితి చాలా మెరుగు. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనతో 5150–5350, 5470–5725, 5725–5875 మెగాహెర్ట్జ్ భాగాలు, మొత్తం 605 మెగాహెర్ట్జ్, లైసెన్సు అవసరం లేకుండా అందుబాటులోకి వచ్చాయి.

అయితే ఛానెల్ ఎంత వెడల్పుగా ఉన్నా, ఒకే ఛానెల్‌లో ఉన్న పరికరాల్లో మామూలుగా ఒక్కసారికి ఒక్కటే మాట్లాడగలదు. ఒకటి మాట్లాడుతున్నంతసేపు మిగతావన్నీ చెవి ఒగ్గి ఆగాలి. కాబట్టి మన చేతిలో ఉన్న అసలు సంపద ఎంబీపీఎస్ అంకె కాదు, ప్రసార సమయం. ఒక సెకనులో వెయ్యి మిల్లీసెకన్లున్నాయి, వాటిని తొంభై ఫోన్లు పంచుకోవాలి. ఈ ఒక్క సంగతి మనసులో స్థిరపడితే, కింద చెప్పబోయే ప్రతి పనికీ కారణం దానంతట అదే బోధపడుతుంది.

చెరువు కింద ఆయకట్టు ఉన్న ఊళ్లలో నీరటికాడు చేసే పని ఇదే. అతను పంచేది నీళ్లయినా, లెక్క మాత్రం సమయంలో ఉంటుంది: ఈ పొలానికి ఇంతసేపు, తర్వాత దాని పక్క పొలానికి ఇంతసేపు. మొబైల్ టవరులో అలాంటి నీరటికాడు ఉన్నాడు. 4జీలో 10 మెగాహెర్ట్జ్ వెడల్పులో 180 కిలోహెర్ట్జ్ చొప్పున 50 ముక్కలు చేసి, ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి ఏ ముక్క ఏ ఫోనుకో టవరే నిర్ణయిస్తుంది. వై-ఫైలో, ముఖ్యంగా పాత తరాల్లో, అలా పంచేవాడు లేడు. ప్రతి పరికరం తానే గాలిని విని, ఖాళీగా ఉందనుకుంటే 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె ఎంచుకొని, అన్ని చిన్న గడులు లెక్కపెట్టి, అప్పుడు పంపుతుంది. ఒక్కో గడి 9 మైక్రోసెకన్లు. రెండు పరికరాలకు ఒకే అంకె పడితే రెండు ప్రసారాలూ ఢీకొని పాడవుతాయి. అప్పుడు ఎంపిక పరిధి రెట్టింపవుతూ 1023 దాకా పోతుంది, అంటే నిరీక్షణ పెరుగుతూ పోతుంది.

ఇలా విని మాట్లాడే పద్ధతికి కూడా ఒక పూర్వ చరిత్ర ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన అలోహా నెట్‌వర్కులో, ఎవరికి తోచినప్పుడు వారు పంపేవారు. ఆ పద్ధతిలో ఎంత ప్రయత్నించినా ఛానెల్ సమయంలో 18.4 శాతానికి మించి ఉపయోగపడదని లెక్క తేలింది. ముందు వినడం, తర్వాత పంపడం అన్న మర్యాద దాని తర్వాత వచ్చింది. రద్దీ పెరిగినప్పుడు మన హాస్టల్ నెట్‌వర్కు ఆ పాత అలోహా స్థితి వైపే జారుతుంటుంది, దాన్ని జారకుండా పట్టి ఉంచడమే మన పని.

ఒక్క నెమ్మది ఫోను అంతస్తునంతా ఎలా ఆపుతుంది

ఇది అర్థం కావడానికి ఒక చిన్న లెక్క చేద్దాం. నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న మూటలుగా వెళ్తుంది, సాధారణంగా వెళ్లే పెద్ద ప్యాకెట్ 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. రౌటరుకు దగ్గరగా ఉన్న ఒక ఫోను 54 ఎంబీపీఎస్ వేగంతో దాన్ని పంపితే సుమారు 0.22 మిల్లీసెకన్లు పడుతుంది. చివరి గదిలో, రెండు గోడల అవతల, 6 ఎంబీపీఎస్ వేగానికి పడిపోయిన మరో ఫోను అదే ప్యాకెట్‌ను పంపడానికి 2 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. వై-ఫై నియమం ప్రకారం రెండింటికీ వంతులు సమానంగా వస్తాయి, కాని ఒకరి వంతు మరొకరి వంతు కంటే తొమ్మిది రెట్లు పొడుగు. ఒకదాని తర్వాత ఒకటి పంపుకుంటూ పోతే ఇద్దరికీ కలిపి ఒక చుట్టుకు 2.22 మిల్లీసెకన్లు ఖర్చయి, ఒక్కొక్కరికి దక్కేది సుమారు 5.4 ఎంబీపీఎస్ మాత్రమే. రౌటరు పక్కనే కూర్చున్న విద్యార్థి కూడా చివరి గది వేగానికి దిగిపోయాడన్నమాట. 2003లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు ఈ లక్షణాన్ని విశ్లేషించి ప్రచురించినప్పటి నుంచి నెట్‌వర్కు పనివారికి ఇది తెలిసిన విషయమే.

అదే ఇద్దరికీ ప్యాకెట్లు కాకుండా సమయాన్ని సగం సగం పంచితే, దగ్గరి ఫోనుకు 27, దూరపు ఫోనుకు 3 ఎంబీపీఎస్ వస్తాయి. మొత్తం 10.8 నుంచి 30కి పెరుగుతుంది. దూరపు ఫోనుకు 5.4 నుంచి 3కు తగ్గడం అన్యాయం కదా అనిపించవచ్చు, నాకూ మొదట అనిపించింది. అయితే దానికి సరైన పరిష్కారం ఆ గదికి సిగ్నల్ బాగా అందించడమే గాని, మిగతా అందరి సమయాన్నీ దానికి ధారపోయడం కాదు. అందుకే రౌటరు లేదా యాక్సెస్ పాయింట్ (గోడకు బిగించి వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) సెట్టింగుల్లో ‘ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్’ అన్న మీట ఉంటే దాన్ని తప్పక ఆన్ చేయండి, ఆ తర్వాత చివరి గదుల సంగతి విడిగా చూడండి.

ఇక్కడే మరో పొరపాటు గురించి చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన హాస్టళ్లలో చాలావాటిలో ఇది ఉంది. ‘ఒక్కొక్కరికి 2 ఎంబీపీఎస్ మించకూడదు’ అని పరిమితి పెట్టి, ఇక అందరికీ సమానంగా పంచేశామని అనుకుంటారు. 6 ఎంబీపీఎస్ వేగంతో కలిసి ఉన్న ఫోను ఆ 2 ఎంబీపీఎస్‌ను వాడుకోవాలంటే గాలిలో కనీసం మూడోవంతు సమయం తినాలి. 200 ఎంబీపీఎస్ వేగంతో కలిసి ఉన్న ఫోనుకు అదే 2 ఎంబీపీఎస్ ఇవ్వడానికి, మధ్యలో పోయే నిరీక్షణ సమయాన్ని పక్కన పెడితే, నూటికి ఒక వంతు చాలు. అంకె ఒకటే, ఖర్చు ముప్పై మూడు రెట్లు తేడా. ఆ పరిమితి ఫైబరు తీగను కాపాడుతుంది గాని గాలిని కాపాడదు.

కొలవండి, ఆ తర్వాతే ముట్టుకోండి

మార్పులు మొదలుపెట్టే ముందు రెండు రోజులు కొలతలకు కేటాయించాలి. యాక్సెస్ పాయింట్ నిర్వహణ పేజీలో ఛానెల్ వినియోగం శాతం కనిపిస్తుంది, దాన్ని మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య మూడుసార్లు రాసుకోండి. నా అనుభవంలో ఈ శాతం యాభై దాకా ఉన్నంతవరకు ఎవరూ ఏమీ అనరు, డెబ్బై దాటితే వీడియో కాల్స్ తెగిపోవడం మొదలవుతుంది. దాంతోపాటు మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చిన ప్యాకెట్ల శాతాన్ని కూడా చూడండి. వినియోగం తక్కువగా ఉండి పునఃప్రసారాలు ఎక్కువగా ఉంటే మీ సమస్య సిగ్నల్‌ది, రెండూ ఎక్కువగా ఉంటే రద్దీది.

తర్వాత ఫోనులో వై-ఫై అనలైజర్ వంటి యాప్ వేసుకొని ప్రతి గదికీ నడవండి. గది మధ్యలో నిలబడి చూస్తే చాలదు, పిల్లలు నిజంగా ఫోను పట్టుకొని పడుకునే చోట, అంటే మంచం మీద, గోడవైపు, దాన్ని పెట్టి చూడాలి. అక్కడ సిగ్నల్ మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) గాని అంతకంటే మెరుగ్గా గాని ఉండాలి. మైనస్ 60 అంటే మెరుగు, మైనస్ 80 అంటే చాలా బలహీనం అన్న సంగతి కొత్తవారికి తికమకగా ఉంటుంది కాబట్టి నోటుపుస్తకంలో పైన రాసి పెట్టుకోండి.

రెండో అంతస్తు చివరి గదిలో నేను చూసిన విషయం చెబుతాను. కిటికీ పక్క మంచం మీద ఫోను పెడితే మైనస్ 79 చూపింది, తలుపు దగ్గరకు రెండడుగులు జరిపితే మైనస్ 70. మధ్యలో ఉన్నది ఇనుప బీరువా. దాన్ని పక్క గోడకు జరపడానికి ఇద్దరు విద్యార్థులకు ఐదు నిమిషాలు పట్టింది, మంచం దగ్గర సిగ్నల్ మైనస్ 71కి వచ్చింది. ఆ ఒక్క గది ఫోన్లు మెరుగైన వేగానికి ఎక్కడంతో, ఆ రాత్రి అదే యాక్సెస్ పాయింట్ మీద ఉన్న మిగతా గదుల్లో కూడా తేడా తెలిసింది. ఇనుప బీరువాలు, నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గోడలు, స్లాబులోని ఇనుప చువ్వలు, ఇవన్నీ మీ పటంలో ఉండాలి.

గాలి నుంచి దింపగలిగినవన్నీ దింపండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, అన్నిటికంటే తక్కువ మంది చేసేది ఇదే. కదలని పరికరానికి వై-ఫై అవసరం లేదు. ఆఫీసు కంప్యూటరు, ప్రింటరు, హాల్లోని టీవీ, వేలిముద్ర హాజరు యంత్రం, వీటన్నిటికీ కేబుల్ వేయండి. ముఖ్యంగా సీసీ కెమెరాలు: ఒక్కో వై-ఫై కెమెరా పగలూ రాత్రీ ఆపకుండా రెండు మూడు ఎంబీపీఎస్ పంపుతూనే ఉంటుంది, పైగా అవి మెట్ల దగ్గర, గేటు దగ్గర, సిగ్నల్ బలహీనంగా ఉండే చోట్లే ఉంటాయి. పైన చేసిన లెక్క ప్రకారం అలాంటి కెమెరాలు మూడు ఉంటే ఒక 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్ చాలావరకు వాటికే సరిపోతుంది.

సిగ్నల్ అందని చోట రిపీటర్ పెట్టడం కూడా ఈ కోవలోనిదే. ఒకే రేడియో ఉన్న రిపీటర్ తాను విన్న ప్రతి ప్యాకెట్‌నూ అదే ఛానెల్‌లో మళ్లీ పలకాలి, అంటే ఒక్కో మాటకు రెండు వంతుల సమయం ఖర్చు. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం జరగదు. ఆ డబ్బుతో కేబుల్ లాగి, దాని చివర మామూలు యాక్సెస్ పాయింట్ బిగించండి.

ఛానెళ్లు, వెడల్పు, శక్తి

అంతస్తుకు రెండు చొప్పున ఆరు యాక్సెస్ పాయింట్లున్న భవనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో మూడే ఛానెళ్లు ఉన్నాయి కాబట్టి, ఆరింటిలో మూడింటికి ఆ రేడియోను పూర్తిగా ఆపేయండి. మిగిలిన మూడింటికి అంతస్తుకు ఒకటి చొప్పున, ఒకదాని నెత్తిన ఒకటి రాకుండా ఎదురుబొదురు చివరల్లో 1, 6, 11 ఇవ్వండి. 3, 4, 8 వంటి మధ్య ఛానెళ్లు ఖాళీగా కనిపిస్తున్నాయని ఎంచుకోవద్దు. పూర్తిగా ఒకే ఛానెల్‌లో ఉన్న రెండు రౌటర్లు ఒకదాన్ని ఒకటి విని వంతులు పాటిస్తాయి, సగం మాత్రమే కలిసిన ఛానెళ్లలో ఉన్నవి ఒకదాని మాట మరొకదానికి అర్థంకాక మీదపడి చెడగొట్టుకుంటాయి.

5 గిగాహెర్ట్జ్‌లో 36, 40, 44, 48, 149, 153, 157, 161, 165 అనే తొమ్మిది ఛానెళ్లు 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో నిశ్చింతగా దొరుకుతాయి. ఆరు యాక్సెస్ పాయింట్లకు ఆరు వేరువేరు ఛానెళ్లు ఇవ్వగలం. 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకొనేవి. వాటిని ఎంచుకుంటే పరికరం ఒక నిమిషం పాటు విని, రాడారు లేదని తేల్చుకున్నాకే ప్రసారం మొదలుపెడుతుంది, మధ్యలో రాడారు జాడ కనిపిస్తే ఛానెల్ వదిలి వెళ్లాలి. అవసరం పడేదాకా వాటి జోలికి పోనక్కరలేదు.

వెడల్పు విషయంలో నేను మొదట్లో తప్పు చేశాను. వెడల్పు ఎక్కువైతే వేగం ఎక్కువ కదా అని 80 మెగాహెర్ట్జ్ పెట్టాను. పగలు ఒంటరిగా పరీక్షిస్తే అద్భుతంగా ఉంది, రాత్రి కూలిపోయింది. కారణం రెండు విధాలు. 36 నుంచి 48 వరకు ఉన్న నాలుగు ఛానెళ్లూ ఒకే యాక్సెస్ పాయింటుకు పోయాయి, ఆరింటికీ చాలినన్ని మిగలలేదు. పైగా వెడల్పు రెట్టింపైన ప్రతిసారీ లోపలికి వచ్చే రొద కూడా రెట్టింపవుతుంది, అంటే 3 డెసిబెళ్లు పెరుగుతుంది, ఆ మేరకు దూరపు ఫోన్లు నష్టపోతాయి. 1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఛానెల్ సామర్థ్యం వెడల్పుతో పాటు సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి మీద కూడా ఆధారపడుతుంది. ఒకే రౌటరు ఉన్న ఇంటికి 80 బాగుంటుంది. మన వంటి భవనాల్లో 2.4లో 20 మాత్రమే, 5లో 20 లేదా ఛానెళ్లు మిగిలితే 40 పెట్టడం మంచిది.

ప్రసార శక్తిని గరిష్ఠంగా పెట్టడం కూడా అటువంటి తప్పే. సభలో ఒకరికి మాత్రమే మైకు ఇచ్చినట్టు, యాక్సెస్ పాయింట్ మాట ఫోనుకు వినిపిస్తుంది గాని, చిన్న బ్యాటరీతో నడిచే ఫోను మాట దానికి తిరిగి వినిపించదు. గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడానికి ఇది తరచూ కనిపించే కారణం. శక్తి ఎక్కువైతే ఒక అంతస్తు పెట్టె మూడో అంతస్తు దాకా వినిపించి, అక్కడి వాటిని కూడా ఆగేలా చేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు 14 నుంచి 17 డీబీఎం మధ్య, 2.4కు దానికంటే ఆరు డెసిబెళ్లు తక్కువ పెట్టి మొదలుపెట్టండి. ఆ తేడా వల్ల ఫోన్లు తమంతట తామే 5 గిగాహెర్ట్జ్ వైపు మొగ్గుతాయి.

పేర్లు తగ్గించండి, కనిష్ఠ వేగం పెంచండి

ప్రతి యాక్సెస్ పాయింట్ తాను మోస్తున్న ప్రతి నెట్‌వర్కు పేరునూ 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి చాటుతుంది. ఈ చాటింపు 2.4 గిగాహెర్ట్జ్‌లో మామూలుగా అతి తక్కువ వేగమైన 1 ఎంబీపీఎస్‌తో వెళ్తుంది. అది 250 బైట్లుంటే గాలిలో సుమారు 2.2 మిల్లీసెకన్లు, అంటే మొత్తం సమయంలో రెండు శాతం పైచిలుకు పడుతుంది. విద్యార్థులకు ఒకటి, వార్డెనుకు ఒకటి, అతిథులకు ఒకటి, కెమెరాలకు ఒకటి అని నాలుగు పేర్లు పెట్టి, ఒకే ఛానెల్‌లో మూడు పెట్టెలు ఒకదానికొకటి వినిపిస్తుంటే, పన్నెండు చాటింపులు కలిసి ఛానెల్‌లో నాలుగోవంతును తినేస్తాయి. అప్పటికి ఎవరూ ఒక్క పేజీ కూడా తెరవలేదు.

పేర్లను రెండుకు తగ్గించండి. తర్వాత సెట్టింగుల్లో కనిష్ఠ వేగాన్ని 12 ఎంబీపీఎస్‌కు పెంచి, 1, 2, 5.5, 11 వేగాలను ఆపేయండి. అదే చాటింపు 0.2 మిల్లీసెకన్ల లోపే ముగుస్తుంది, పన్నెండూ కలిపినా రెండు శాతం చుట్టుపక్కలే ఉంటాయి. 802.11బి అనే తొలినాటి వై-ఫై మాత్రమే తెలిసిన చాలా పాత పరికరాలు దీనివల్ల కలవవు. అలాంటివి ఇప్పుడు అరుదు, అయినా హాజరు యంత్రం వంటివి ఏమైనా ఉన్నాయేమో ముందే చూసుకొని వాటికి కేబుల్ వేయండి. దూరంగా ఉండి బలహీనంగా అంటిపెట్టుకున్న ఫోన్లు ఈ మార్పుతో పాత యాక్సెస్ పాయింటును వదిలి దగ్గరి దానికి మారతాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో కలిసిన ఫోను మూడో అంతస్తుకు వెళ్లాక కూడా కిందిదాన్నే పట్టుకొని వేలాడే జబ్బు దీనితో చాలావరకు తగ్గుతుంది. అయితే చివరి గదుల సిగ్నల్ సరిచేయకుండా ఈ పని చేస్తే వారికి నెట్ పూర్తిగా పోతుంది కాబట్టి, క్రమం తప్పవద్దు.

ఫోన్లు తమలో తాము టీవీలను, స్పీకర్లను వెతుక్కుంటూ అందరినీ ఉద్దేశించి పంపే సందేశాలు కూడా ఆ కనిష్ఠ వేగంతోనే వెళ్తాయి. విద్యార్థుల నెట్‌వర్కు మీద ‘క్లయింట్ ఐసొలేషన్’ ఆన్ చేస్తే ఈ రద్దీ చాలావరకు పోతుంది, ఒకరి ఫోను మరొకరికి కనబడకపోవడం భద్రతకు కూడా మంచిది.

ఫైబరు చివర క్యూ

గాలి సరిపడ్డాక తీగ సంగతి. ఒక విద్యార్థి పెద్ద ఫైలు అప్‌లోడ్ మొదలుపెట్టగానే మిగతా అందరి వీడియో కాల్స్ ఆగిపోతున్నాయంటే, రౌటరులో గాని మోడెంలో గాని ప్యాకెట్లు పొడవైన వరుసలో నిలిచిపోతున్నాయని అర్థం. పరీక్ష సులువు: నెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, అప్‌లోడ్ నడుస్తున్నప్పుడు ఒకసారి పింగ్, అంటే ఒక సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, చూడండి. పది ఇరవై మిల్లీసెకన్లు ఉన్నది వందల్లోకి వెళ్తే వరుస సమస్య ఉన్నట్టే. దీనికి మందుగా కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ప్రచురించిన కోడెల్ అనే వరుస తగ్గించే పద్ధతి, దాని మీద ఆధారపడిన ఎఫ్‌క్యూ-కోడెల్ ఇప్పుడు చాలా రౌటర్లలో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటరు సాఫ్ట్‌వేరులో ఉచితంగా దొరుకుతున్నాయి. ‘ఎస్‌క్యూఎమ్’ లేదా ‘స్మార్ట్ క్యూ’ అన్న పేరుతో ఉండే ఆ సెట్టింగులో మీ ప్లాన్ వేగంలో 90 శాతం అంకె వేయండి. 100 ఎంబీపీఎస్ ఉంటే 90 అని రాయండి. ఆ పదిని వదులుకుంటే వరుస మోడెం చేతి నుంచి మీ రౌటరు చేతికి వస్తుంది, అది ఒక్కొక్కరి ప్రవాహం నుంచి కొంచెం కొంచెం తీసి పంపుతుంది.

మనుషులతో మాట్లాడాల్సినవి

ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, లాప్‌టాప్ అప్‌డేట్లు తెల్లవారుజామున మూడు గంటలకు జరిగినా ఎవరికీ నష్టం లేదు. నోటీసు బోర్డు మీద నిషేధాలు రాయడం కంటే, ఒక ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి పైన చెప్పిన 54, 6 లెక్కను బోర్డు మీద వేసి చూపించండి. నేను అలా చేసిన రోజున, చివరి గదుల నుంచి వచ్చిన విద్యార్థులు ముఖం చిన్నబుచ్చుకున్నారు, తప్పు వారిది కాదని, గోడదని, యాక్సెస్ పాయింటును ఎక్కడ బిగించామన్నదానిదని వెంటనే చెప్పాల్సి వచ్చింది. ఆ మాట మీరు లెక్క వేయకముందే చెప్పండి. సొంత హాట్‌స్పాట్లు పెట్టుకోవద్దని కూడా అప్పుడే కోరవచ్చు, ఎందుకంటే ప్రతి హాట్‌స్పాట్ తన పేరును చాటుతూ అదే గాలిలో వంతు అడుగుతుంది.

కొత్త సామాను ఎప్పుడు

ఇవన్నీ చేశాక కూడా రాత్రి వేళ ఛానెల్ వినియోగం డెబ్బైకి తగ్గకపోతే అప్పుడు వై-ఫై 6 తరం పరికరాల గురించి ఆలోచించండి. వాటిలో యాక్సెస్ పాయింటే నీరటికాడి పాత్ర తీసుకోగలదు. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌ను తొమ్మిది చిన్న భాగాల దాకా విడగొట్టి, ఒకే సమయంలో తొమ్మిది ఫోన్లకు ఇవ్వగలదు. చిన్న చిన్న సందేశాలు పంపే ఫోన్లు వందల్లో ఉన్నచోట ఇది చాలా మేలు. అయితే ఆ లాభం పొందాలంటే ఫోను కూడా వై-ఫై 6 తెలిసినదై ఉండాలి. కొనే ముందు, మీ నిర్వహణ పేజీలో కలిసి ఉన్న ఫోన్ల జాబితా తెరిచి, వాటిలో ఎన్ని ఆ తరానికి చెందినవో లెక్కపెట్టండి. సగం కూడా లేకపోతే ఆ డబ్బును కేబుళ్లకు, మరో రెండు మామూలు యాక్సెస్ పాయింట్లకు పెట్టండి.

మార్పులన్నీ ఒకే రోజు చేయవద్దు. ఒక మార్పు చేసి, దాన్ని తేదీతో నోటుపుస్తకంలో రాసి, కనీసం మూడు రాత్రులు అదే తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య అవే అంకెలు మళ్లీ రాయండి. ఆదివారాన్ని పరీక్షల ముందు రాత్రితో పోల్చవద్దు. అంకెలు మెరుగుపడితే చివరి గదికి వెళ్లి, కిటికీ పక్క మంచం మీద గోడవైపు ఫోను పెట్టి, ఒక వీడియో కాల్ పది నిమిషాలు నడిపి చూడండి. అది తెగకుండా నడిచి, అదే సమయంలో యాక్సెస్ పాయింట్ కిందనే కూర్చున్న వారి పేజీలు కూడా ఆగకుండా తెరుచుకుంటుంటే ఆ అంతస్తు పని అయినట్టే, నోటుపుస్తకం తీసుకొని పై అంతస్తుకు ఎక్కవచ్చు.